ఎక్స్‌టెన్షన్ వెర్షన్ గడిని కొట్టేయండి: సర్వర్ చెక్‌లిస్టులు రాసేవారికి బహిరంగ లేఖ

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లో వెబ్‌సైట్ల టెండర్ పత్రాలు, సర్వర్ తనిఖీ పట్టికలు, కాలేజీ ల్యాబ్ రిజిస్టర్లు తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

విషయం: వెబ్‌సైట్లను నడిపే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే ఎక్స్‌టెన్షన్ల (ఒక్కో పని చేసిపెట్టే అదనపు కోడు ముక్కల) వెర్షన్ నంబర్లు అడగడం గురించి.

మీరు పంపే పట్టికల్లో నాలుగు గడుల వరుస ఒకటి ఉంటోంది. ఎక్స్‌టెన్షన్ పేరు, సర్వర్‌లో ఉన్న వెర్షన్, తాజా వెర్షన్, తేడా ఉంటే కారణం. సర్వర్‌లో ఉన్న ముప్పై నలభై ఎక్స్‌టెన్షన్లకూ వరుసగా నింపి, సంతకం పెట్టి, స్టాంపు వేసి తిరిగి పంపాలి. నింపడం కష్టమని ఈ ఉత్తరం రాయడం లేదు. ఒక్క కమాండు కొడితే ఆ జాబితా నిమిషంలో వస్తుంది. బాధేమిటంటే, ఆ గడిలో పడే అంకెల్లో చాలావాటికి మీరనుకునే అర్థం లేదు. సర్వర్ భద్రంగా ఉందో లేదో అవి చెప్పవు. చెప్పగలిగే అంకెలకేమో మీ పట్టికలో చోటే లేదు. అందుకని ఆ గడి ఎందుకు తీసేయాలో, దాని జాగాలో ఏం పెట్టాలో రాస్తున్నాం.

ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. పీహెచ్‌పీ సోర్సులో ఎక్స్‌టెన్షన్లన్నిటికీ కలిపి ఒక ఫోల్డరు, అందులో డేటాను రాసి చదివే జేసన్‌కు ఒకటి, తెలుగు లాంటి లిపుల మాటలు చూసే ఎంబీస్ట్రింగ్‌కు ఒకటి, ఫైళ్లు కుదించే జిప్‌కు ఒకటి, ఇలా చిన్న ఫోల్డర్లు ఉంటాయి. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ సీ కోడులో మాడ్యూల్ ఎంట్రీ అని ఒకటి రాస్తారు. ఎక్స్‌టెన్షన్ పేరేమిటి, దాని ఫంక్షన్లు ఏవి, మొదలయ్యేటప్పుడు ఏం చేయాలి, ఆగేటప్పుడు ఏం చేయాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. వాటితో పాటు వెర్షన్ కూడా. ఆ వెర్షన్ ఒట్టి స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. అందులో ఏం రాశారో, కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ పట్టించుకోదు. అంకె బదులు 'పాలమూరు' అని రాసినా కంపైల్ అయిపోతుంది. పీహెచ్‌పీవెర్షన్ ఫంక్షన్‌కు ఎక్స్‌టెన్షన్ పేరిచ్చి అడిగితే ఆ స్ట్రింగే తిరిగొస్తుంది. ఎక్స్‌టెన్షన్ లేకపోతే ఫాల్స్ వస్తుంది. మీ పట్టికలోకి ఎక్కుతున్నది ఇదే.

ఆ స్ట్రింగులో ఏం రాయాలన్న దానిమీద చాలాకాలం ఒక పద్ధతంటూ లేదు. కొన్ని ఎక్స్‌టెన్షన్లు మొదట పీఈసీఎల్ అనే బయటి భండారంలో పుట్టి, తర్వాత భాషలోకి వచ్చాయి. పలికేది పికిల్ అని, మన తొక్కే. అక్కడ ఎవరి విడుదల వారిది కాబట్టి ఎవరి నంబరు వారికి ఉండేది. భాషలో కలిశాక కూడా ఆ నంబరు అలాగే ఉండిపోయింది. కొందరు ఒకసారి 0.1 అని రాసి మళ్లీ ముట్టుకోలేదు. ఇంకొందరు పాత సోర్సు కంట్రోల్ (కోడు మార్పుల చరిత్ర దాచే వ్యవస్థ) దానంతటదే నింపే డాలర్ ఐడీ గుర్తును అక్కడ పెట్టారు. 2012లో పీహెచ్‌పీ సోర్సు గిట్ అనే కొత్త వ్యవస్థకు మారాక ఆ జాగాలో మనిషి చదవలేని నలభై అక్షరాల హాష్ కనిపించడం మొదలైంది.

ఇప్పుడు చాలా ఎక్స్‌టెన్షన్లలో సొంత నంబరు తీసేసి, భాష వెర్షనే వచ్చేలా ఒక మాక్రో (కంపైల్ చేసేటప్పుడు విలువ నిండే పేరు) పెట్టారు. జేసన్ సంగతే చూడండి. పీహెచ్‌పీ 7.0లో 1.4.0, 7.1లో 1.5.0, 7.2లో 1.6.0, 7.4 నాటికి 1.7.0. అక్కడి నుంచి 8.0లో ఒక్క గెంతు గెంతి 8.0.0 అయింది. జేసన్ కోడు ఆ ఏడాదిలో ఏడు తరాలు ముందుకు పోలేదు, నంబరు పెట్టే పద్ధతి మారిందంతే. దీన్ని మన జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నల్గొండ బండ్ల మీద ఒకప్పుడు ఏపీ 24 ఉండేది, రాష్ట్రం వచ్చాక టీఎస్ 05 అయింది, 2024 నుంచి టీజీ 05. పాలమూరు ఏపీ 22 కాస్తా 06 అయింది. ఇరవై నాలుగు పెద్దది, అయిదు చిన్నది కాబట్టి ఏపీ 24 బండే కొత్తదని ఆర్టీఏ ఆఫీసు ముందు ఎవరైనా అంటే చాయ్ తాగేవాళ్లు కప్పు దించి చూస్తారు. మీ 'తేడా ఉంటే కారణం' గడిలో మేం నింపుతున్నది సరిగ్గా ఈ లెక్కే.

అన్నీ మారలేదు కూడా. జిప్ ఎక్స్‌టెన్షన్ ఇప్పటికీ సొంత నంబరే వాడుతుంది. పీహెచ్‌పీ 8.1లో 1.19.5, 8.2లో 1.21 వరుస, 8.3లో 1.22 వరుస. బయటి భండారంలోనూ అదే కోడు విడుదలవుతుంది కాబట్టి దానికి సొంత నంబరు ఉండటంలో అర్థముంది. హెచ్‌టీఎంఎల్, ఎక్స్‌ఎంఎల్ పేజీలు చదివే డామ్ సంగతి వేరు. దాని వెర్షన్ 20031129. అది నిజానికి తేదీ, 2003 నవంబర్ 29. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో డామ్‌లో ఎన్నో తప్పులు దిద్దారు. 8.4లో హెచ్‌టీఎంఎల్5 చదవగల కొత్త క్లాసులే చేర్చారు. అంకె మాత్రం ఆ తేదీ దగ్గరే కూర్చుంది. డేటాబేసుతో మాట్లాడే మైఎస్‌క్యూఎల్ఎన్‌డీ వెర్షన్ అంకెతో మొదలే కాదు, ముందు దాని పేరు, తర్వాత అంకె. ఇక కోడు వేగంగా నడిచేలా చేసే ఆప్‌క్యాష్‌ను ఆప్‌క్యాష్ అని అడిగితే లేదంటుంది. దాని అసలు పేరు జెండ్ ఆప్‌క్యాష్, మధ్యలో ఖాళీతో సహా అలాగే అడగాలి. ఈ పేరు తెలియక 'ఆప్‌క్యాష్ లేదు' అని రాసిన పట్టికలు బోలెడు తిరుగుతున్నాయి.

ఇలాంటి అంకెలను ప్రోగ్రాముతో పోల్చబోతే తప్పు నిశ్శబ్దంగా జరుగుతుంది. మీలో కొందరు పట్టికను చేత్తో చూడకుండా స్క్రిప్టుతో సరిచూస్తున్నారు కాబట్టి ఇది చెప్పాలి. మామూలు స్ట్రింగు పోలిక వాడితే 8.10 కన్నా 8.9 పెద్దదని తేలుతుంది. ఇంటి నంబర్లలో 5-9 తర్వాత 5-10 వస్తుందని పోస్ట్‌మ్యాన్‌కు తెలుసు, స్ట్రింగు పోలికకు తెలియదు. అందుకే పీహెచ్‌పీలో వెర్షన్ కంపేర్ అని వేరే ఫంక్షనే ఉంది. అది చుక్కల మధ్య ముక్కలను అంకెలుగా చూస్తుంది, ఆర్‌సీ, బీటా లాంటి, విడుదలకు ముందు పరీక్ష కాపీలకు పెట్టే మాటలను అసలు విడుదల కన్నా కింద పెడుతుంది. అయినా డామ్ దగ్గర అదీ మోసపోతుంది. 20031129ని 8.1.0తో పోల్చమంటే, మొదటి ముక్క రెండు కోట్ల పైచిలుకు, ఎదుటిది ఎనిమిది, కాబట్టి ఎప్పుడూ 'సరే' అనే వస్తుంది. మైఎస్‌క్యూఎల్ఎన్‌డీ దగ్గర తిరగబడుతుంది. తనకు తెలియని మాటతో మొదలైన వెర్షన్‌ను ఆ ఫంక్షన్ అన్నిటికన్నా కింద పెడుతుంది కాబట్టి ఎంత కొత్త సర్వర్ అయినా 'పాతది' అని వస్తుంది. మొదటిది ఎన్నడూ పట్టుబడని పరీక్ష, రెండోది ఎన్నడూ పాసవని పరీక్ష.

ప్రాజెక్టుకు కావాల్సిన లైబ్రరీలను తెచ్చిపెట్టే కంపోజర్ వాడేవాళ్లకు ఇదే ఇంకో రూపంలో తగులుతుంది. ప్రాజెక్టు ఫైల్లో ఈ కోడుకు ఫలానా ఎక్స్‌టెన్షన్ కావాలి అని రాసుకోవచ్చు. పాత కోడులో జేసన్ పక్కన 1.5 లేదా ఆపైన, రెండుకు లోపు అని షరతు పెట్టినవాళ్లున్నారు. 7.4 మీద అది బాగానే నడిచింది. సర్వర్‌ను 8కి మార్చగానే, జేసన్ ఎక్స్‌టెన్షన్ తప్పు వెర్షన్‌లో ఉంది, ఇన్‌స్టాల్ చేయండి లేదా ఎనేబుల్ చేయండి అని కంపోజర్ ఆగిపోతుంది. అది చూసి ఉబుంటులో (సర్వర్ల మీద ఉండే ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) పీహెచ్‌పీ 8 జేసన్ ప్యాకేజీ కోసం వెతుకుతారు. దొరకదు, ఎందుకంటే 8.0 నుంచి జేసన్ భాషలోనే శాశ్వతంగా కలిసిపోయింది, విడి ప్యాకేజీ 7.4తోనే ఆగింది. దొరక్కపోయేసరికి ప్లాట్‌ఫాం షరతులన్నీ (పీహెచ్‌పీ, ఎక్స్‌టెన్షన్ల మీద పెట్టినవి) వదిలేయమనే ఆప్షన్ వేసి ఇన్‌స్టాల్ చేస్తారు. ఇన్‌స్టాల్ అవుతుంది. కానీ ఆ ఒక్క ఆప్షన్‌తో నిజంగా లేని ఎక్స్‌టెన్షన్ల తనిఖీ కూడా పోయింది. రెండు వారాల తర్వాత ఎవరో రసీదు పీడీఎఫ్ నొక్కితే బొమ్మలు తయారుచేసే జీడీ ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్ లేదని తెల్లపేజీ వస్తుంది.

దీనికి మందు చిన్నది. భాషతో వచ్చే ఎక్స్‌టెన్షన్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టాలి, అంటే ఉంటే చాలు, వెర్షన్ ఏదైనా సరే. ఏ వెర్షన్ కావాలన్న షరతును పీహెచ్‌పీ మీద పెట్టాలి. రెడిస్, ఎక్స్‌డీబగ్ లాంటి బయటి ఎక్స్‌టెన్షన్లకు మాత్రం వాటి సొంత వెర్షన్ షరతు రాయాలి. సర్వర్‌కు పంపేముందు కంపోజర్‌లో ప్లాట్‌ఫాం షరతులు సరిచూసే కమాండు ఒకటుంది, దాన్ని సర్వర్ మీదే నడపాలి. ల్యాప్‌టాప్‌లో 8.3, సర్వర్‌లో 8.1 ఉంటే ప్రాజెక్టు ఫైలులోని ప్లాట్‌ఫాం అమరికలో 8.1 అని రాస్తే కంపోజర్ ఆ లెక్కనే లైబ్రరీలు ఎంచుతుంది. తప్పనిసరై ఏదైనా షరతు వదిలేయాల్సి వస్తే ఆ ఒక్క ఎక్స్‌టెన్షన్ పేరే రాసి వదిలేసే ఆప్షన్ ఉంది, అన్నిటినీ వదలొద్దు.

ఎక్స్‌టెన్షన్ భాష నుంచి బయటికి పోయినప్పుడు అంకె వెనక్కి పడుతుంది. ఎమ్‌క్రిప్ట్ అనే ఎక్స్‌టెన్షన్ 7.1 వరకు భాషలో ఉండి 7.2లో బయటికి పోయింది, అక్కడ దాని నంబరు 1.0తో మొదలైంది. 8.4లో ఐమ్యాప్ (మెయిల్ పెట్టెలు చదివేది), ఓసీఐ8, పీడీఓ ఓసీఐ, పీస్పెల్ బయటికి పోయాయి. ఐమ్యాప్ 8.3లో ఉన్నప్పుడు 8.3 చూపేది, 8.4 సర్వర్ మీద బయటి నుంచి తెచ్చి పెట్టుకుంటే 1.0 చూపుతుంది. మీ పట్టిక ప్రకారం అది ఘోరమైన వెనకబాటు. నిజానికి ఐమ్యాప్ విషయంలో అడగాల్సిన ప్రశ్న వేరు. అది ఆధారపడిన సీ-క్లయింట్ లైబ్రరీకి ఏళ్లుగా దిక్కూ మొక్కూ లేదు, భాష నుంచి తీసేయడానికి అదే ముఖ్య కారణం. కాబట్టి '8.3 ఉండాలి' అని కాక, 'ఈ సైటు ఇంకా ఐమ్యాప్ ఎందుకు వాడుతోంది' అని అడగండి.

ఇక అసలు విషయానికి వస్తాం. ఎక్స్‌టెన్షన్‌కూ, దాని కింద ఉండి అసలు పని చేసే లైబ్రరీకీ మధ్య తేడా మీ పట్టికలో ఎక్కడా కనిపించడం లేదు. చాలా ఎక్స్‌టెన్షన్లు గొట్టాల్లాంటివి, నీళ్లు ఇంకో చోటి నుంచి వస్తాయి. డేటాకు రహస్య తాళాలు వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎక్స్‌టెన్షన్ వెనుక ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ, వేరే సైట్లతో మాట్లాడే కర్ల్ వెనుక లిబ్‌కర్ల్, డామ్ వెనుక లిబ్‌ఎక్స్‌ఎంఎల్, ఐఎన్‌టీఎల్ వెనుక ఐసీయూ. ఆస్పత్రి ఐసీయూ కాదు, యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే ప్రమాణం) పనులు చేసే లైబ్రరీ పేరది. ఎక్స్‌టెన్షన్ వెర్షన్ మారకుండానే ఈ లైబ్రరీ మారిపోవచ్చు. అప్పుడు సైటు ప్రవర్తన మారుతుంది, పట్టిక మాత్రం మారదు.

తెలుగులోనే చూపిస్తాం. 'నల్గొండ' అనే మాట ఎంత పొడవు? బైట్లు లెక్కపెట్టే ఫంక్షన్ 21 అంటుంది. ఎంబీస్ట్రింగ్ 7 అంటుంది, ఎందుకంటే అది కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడ్‌లో విడి నంబరున్న గుర్తులు, లెక్కపెడుతుంది. న, ల, పొల్లు, గ, ఒత్వం గుర్తు, సున్న, డ. ఐఎన్‌టీఎల్‌లోని గ్రాఫీమ్ ఫంక్షన్ కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టాలి. పాత యూనికోడ్ నియమంలో పొల్లు దగ్గర అక్షరం తెగేది. న, ల్, గొం, డ, మొత్తం 4. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు, దేవనాగరి సహా కొన్ని లిపుల కోసం కొత్త నియమం చేర్చింది. దాని ప్రకారం పొల్లు తర్వాతి హల్లు అంటుకునే ఉంటుంది. న, ల్గొం, డ, మొత్తం 3. బడిలో మనం నేర్చుకున్న లెక్కా ఇదే. ఒకే పీహెచ్‌పీని వేర్వేరు ఐసీయూల మీద పెడితే, ఏది ఏ నియమం పాటిస్తుందో దాన్ని బట్టి లెక్క తేలుతుంది. 'గ్రామం పేరు పది అక్షరాలకు మించరాదు' అని ఫారంలో తనిఖీ పెట్టారనుకోండి, పాత సర్వర్ ఒప్పుకోని పేరును కొత్త సర్వర్ ఒప్పుకుంటుంది. రెండింటి ఐఎన్‌టీఎల్ వెర్షన్ గడిలోనూ ఒకటే అంకె.

పేర్లను అకారాది క్రమంలో పెట్టే పనీ ఐసీయూదే. వేగం కోసం కొందరు ఆ క్రమపు కీలను ముందే తయారుచేసి డేటాబేసులో దాచుకుంటారు. ఐసీయూ మారితే పాత కీలు, కొత్త కీలు ఒకదానితో ఒకటి పొసగవు. సగం జాబితా ఒక క్రమంలో, మిగతాది ఇంకో క్రమంలో వస్తుంది. సర్వర్ మార్చిన రోజే కీలన్నీ మళ్లీ తయారుచేయాలి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దగ్గర దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది. లైబ్రరీ 1.1.1 నుంచి 3.0కు మారినప్పుడు ఆర్‌సీ2, ఆర్‌సీ4, డీఈఎస్ లాంటి పాత తాళం (ఎన్‌క్రిప్షన్) పద్ధతులను పక్కకు తీసి, అడిగితే తప్ప లోడ్ కాని చోట పెట్టారు. డిజిటల్ సంతకం పెట్టుకునే పీఎఫ్‌ఎక్స్ ఫైళ్లలో పాతవి చాలావరకు ఆర్‌సీ2తో తాళం వేసినవే. పాస్‌వర్డ్ సరైనదే ఇచ్చినా కొత్త సర్వర్ ఆ ఫైలు తెరవలేక 'అన్‌సపోర్టెడ్' అంటుంది. పాస్‌వర్డ్ తప్పేమోనని రోజంతా అదే కొడుతుంటారు. చేయాల్సింది ఏమిటంటే, పాత పద్ధతులు చదవగల కంప్యూటర్‌లో ఆ ఫైలును తెరిచి, కొత్త పద్ధతి తాళంతో మళ్లీ పీఎఫ్‌ఎక్స్‌గా రాసుకోవాలి. సర్వర్‌లో పాత పద్ధతులను మళ్లీ తెరిచిపెట్టడం సులువైన దారే, మేమైతే వద్దంటాం.

లైబ్రరీ వెర్షన్ తెలుసుకోవడానికి పీహెచ్‌పీ కమాండుకు రెండు గీతలు పెట్టి ఆర్ఐ అని రాసి, పక్కన ఎక్స్‌టెన్షన్ పేరు ఇవ్వాలి. ఐఎన్‌టీఎల్‌కు ఐసీయూ వెర్షన్ వస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు రెండు వరుసలు వస్తాయి, ఒకటి ఇప్పుడు నడుస్తున్న లైబ్రరీది, ఇంకోటి కంపైల్ చేసిన రోజున ఉన్న హెడర్‌ది. లిబ్‌ఎక్స్‌ఎంఎల్‌కూ అలాగే కంపైల్డ్, లోడెడ్ అని రెండు. పట్టికలో రాయాల్సింది నడుస్తున్న లైబ్రరీది. రెండూ వేరుగా ఉండటం తప్పు కాదు, లైబ్రరీకి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిందనే దానికి అదే గుర్తు కావచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి. బ్లాక్ స్క్రీన్ మీద కమాండు కొట్టినప్పుడు జవాబు చెప్పే పీహెచ్‌పీ, వెబ్‌సైటును నడిపే పీహెచ్‌పీ ఒకటే కానక్కర్లేదు. ఉబుంటులో రెండింటికీ కాన్ఫిగరేషన్ ఫోల్డర్లు వేరు, ఒకే సర్వర్‌లో 7.4, 8.1 రెండూ ఉండొచ్చు. కమాండు లైన్ 8.1 చూపుతుంటే సైటు 7.4 మీద నడుస్తూ ఉండటం మామూలే. 7.4కు భాష తయారుచేసేవారి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబర్‌లోనే ఆగిపోయాయి. కాబట్టి సర్వర్ వివరాలన్నీ చూపే పీహెచ్‌పీఇన్ఫో పేజీని బ్రౌజర్‌లో ఒకసారి తెరిచి, రాసుకుని, వెంటనే తీసేయాలి. తీసేయాలి అన్నది రెండోసారి రాస్తున్నాం, ఎందుకంటే ఆ పేజీని సర్వర్‌లోనే వదిలేసి, దాని లింకును తనిఖీ నివేదికకు జతచేసి పంపడం కూడా జరుగుతోంది.

ఎక్స్‌టెన్షన్‌కు ఇంకో అంకె కూడా ఉంటుంది, మాడ్యూల్ ఏపీఐ నంబరు. పీహెచ్‌పీ 8.1కు 20210902, 8.2కు 20220829, 8.3కు 20230831. చూడ్డానికి డామ్ తేదీలాగే ఉన్నా దీన్ని భాష నిజంగానే పట్టించుకుంటుంది. 8.1 కోసం కంపైల్ చేసిన ఫైలును 8.2 ఫోల్డర్‌లో కాపీ చేస్తే రెండు నంబర్లూ సరిపోవాలని లాగ్‌లో రాసి, ఆ ఎక్స్‌టెన్షన్‌ను లోడ్ చేయకుండా ముందుకు పోతుంది. ఉబుంటులో ఎక్స్‌టెన్షన్ ఫైళ్లుండే ఫోల్డర్ పేరు కూడా ఈ అంకే. బయటి నుంచి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ ఉంటే, భాష మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ కంపైల్ చేయాలన్నదే దీని సారం.

ఇప్పుడు 'తాజా వెర్షన్' గడి సంగతి. ఉబుంటు 22.04లో పీహెచ్‌పీ 8.1.2 అనే కనిపిస్తుంది. భాష తయారుచేసేవాళ్లు ఆ తర్వాత 8.1 వరుసలో ముప్పైకి పైగా విడుదలలు ఇచ్చారు. లోపాలు వెతికే స్కానర్ ఆ 8.1.2 చూసి ఎర్రగా పదుల కొద్దీ లోపాలు రాస్తుంది. ఉబుంటు పద్ధతేమిటంటే, వెర్షన్ కదపకుండా కొత్త విడుదలల సెక్యూరిటీ అప్‌డేట్లను పాతదానిలోకి వెనక్కి తెచ్చి కలుపుతుంది. చూడాల్సింది 8.1.2 తర్వాత గీత పెట్టి వచ్చే ప్యాకేజీ రివిజన్‌ను, 1ఉబుంటు2 తర్వాతి చుక్కకు అవతలి అంకెను. భాషతో వచ్చే ఎక్స్‌టెన్షన్లు చాలావరకు ఆ తోకతో సహా అదే స్ట్రింగు చూపుతాయి. దాన్ని మీరు పట్టికలో 'చెల్లని ఫార్మాట్' అని తిప్పి పంపుతున్నారు. అది చెల్లుతుంది. ఆ తోకే పనికొచ్చే సమాచారం.

కాలేజీ ల్యాబుల్లో ఇది తిరగబడుతుంది. అక్కడ విండోస్ మీద క్జాంప్ (పీహెచ్‌పీ, వెబ్ సర్వర్, డేటాబేసు కలిపిచ్చే కట్ట) ఉంటుంది, వెనక్కి తెచ్చి కలిపేవాళ్లు ఎవరూ లేరు, కనిపించే అంకే అసలు అంకె. 2024 జూన్‌లో బయటపడిన సీవీఈ-2024-4577 అనే లోపం విండోస్ మీది పీహెచ్‌పీ సీజీఐ (వెబ్ సర్వర్ పీహెచ్‌పీని నడిపే ఒక దారి) పద్ధతికి సంబంధించింది. 8.1.29, 8.2.20, 8.3.8లలో దిద్దారు. 2023లో వచ్చిన క్జాంప్ 8.2.12 దానికి ముందుది. ఆ లోపం మొదట చైనీస్, జపనీస్ భాషల విండోస్ మీద రుజువైంది కాబట్టి మనకేం కాదని ఊరుకోవద్దు, ల్యాబ్ సర్వర్ బయటికి కనిపిస్తుంటే మార్చండి. ఇంత పెద్ద లోపంలోనూ ఎక్స్‌టెన్షన్ల గడిలో రాయడానికి ఏమీ లేదు. లోపం ఏ ఎక్స్‌టెన్షన్‌లోనూ లేదు.

వేరే భాషలు దీన్ని ఎలా చేశాయని మీలో కొందరు అడగొచ్చు, ఎందుకంటే ల్యాబుల్లో పైథాన్ ఎక్కువైంది. పైథాన్ జేసన్ మాడ్యూల్ తన వెర్షన్ 2.0.9 అంటుంది. 3.9లో దాని లోడ్స్ ఫంక్షన్ నుంచి ఎన్‌కోడింగ్ అనే ఆర్గ్యుమెంట్‌ను తీసేశారు, దాన్ని వాడిన పాత కోడు విరిగిపోయింది, అంకె మాత్రం 2.0.9. కాబట్టి పైథాన్‌లోనూ అడగాల్సింది భాష వెర్షనే. రూబీలో కొన్ని జెమ్‌లు (లైబ్రరీలు) భాషతో వచ్చినా సొంత వెర్షన్‌తో, విడిగా మార్చుకునేలా ఉంటాయి. 3.4లో సీఎస్‌వీ, బేస్64 లాంటివాటిని ఇంకో మెట్టు దూరం పెట్టారు, ప్రాజెక్టు జెమ్‌లు చూసుకునే బండ్లర్ వాడేవాళ్లు జెమ్‌ఫైల్‌లో వాటి పేర్లు రాసుకోకపోతే లోడ్ కావు. ఎర్లాంగ్ భాషలో ఓటీపీ 26 (ఫోన్‌కొచ్చే ఓటీపీ కాదు, భాష విడుదల పేరు) అంటే అందులో ఎస్‌టీడీలిబ్ 5.0, కెర్నల్ 9.0, అన్నీ వేర్వేరు అంకెలే, కానీ ఏ విడుదలలో ఏది ఉందో పక్కా పట్టిక ఉంటుంది.

మాకు నచ్చింది పెర్ల్ పద్ధతి. అక్కడ చాలా మాడ్యూళ్లు రెండు చోట్లా బతుకుతాయి, భాషతో పాటూ వస్తాయి, బయటి భండారంలోనూ విడిగా విడుదలవుతాయి. కాబట్టి సొంత నంబరు తప్పదు. నంబరు పెంచడం మనిషి మరిచిపోతాడని వాళ్లకు తెలుసు. అందుకని భాష సోర్సులో ఒక పరీక్ష రాసి పెట్టారు. పోయిన విడుదల తర్వాత ఏ మాడ్యూల్ ఫైలైనా మారి, దాని వెర్షన్ మారకపోతే ఆ పరీక్ష ఫెయిలవుతుంది. ఏ పెర్ల్‌తో ఏ మాడ్యూల్ ఏ వెర్షన్ వచ్చిందో చెప్పడానికి కోర్‌లిస్ట్ అనే కమాండు కూడా ఉంది. మాడ్యూల్ నంబరు అడగడానికి అర్థముండేది ఇలాంటి చోటే.

ఇది మీ పట్టికలకే కాదు, మన దగ్గర తయారయ్యే సాఫ్ట్‌వేర్‌కూ వర్తిస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల బిల్లింగ్‌కో, బాదేపల్లి మార్కెట్ యార్డు తూకాల చిట్టీలకో చేసే సాఫ్ట్‌వేర్‌లో జీఎస్టీ ఒక ప్లగిన్ (విడిగా తగిలించే ముక్క), కాటా నుంచి బరువు చదివేది ఒక ప్లగిన్, ఎస్ఎంఎస్ ఇంకోటి ఉంటాయి. టెండర్‌లో 'ప్రతి మాడ్యూల్‌కూ ప్రత్యేక వెర్షన్ నంబరు ఉండాలి' అని రాస్తే కంపెనీ 1.0 అని వేసి ఇస్తుంది, అయిదేళ్లయినా అది 1.0 గానే ఉంటుంది. ప్లగిన్లన్నీ ఎప్పుడూ కలిపే విడుదలైతే మొత్తం సాఫ్ట్‌వేర్ నంబరే అన్నిటికీ వచ్చేలా ఒక్కచోట రాయించండి. కాటా ప్లగిన్ ఒక్కటే విడిగా మార్చి పంపే అవసరముంటే దానికొక్కదానికే సొంత నంబరు పెట్టించి, ఫైలు మారి నంబరు మారకపోతే విడుదల ఆగిపోయేలా పరీక్ష అడగండి. రెండు పద్ధతులూ పనిచేస్తాయి, కలగాపులగం పనిచేయదు. మధ్యలో ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మారాల్సి వస్తే కొత్త అంకె పాతదానికన్నా పెద్దదిగా ఉండేలా చూసుకోవాలి. లేకపోతే 3.2 ఉన్న మిల్లులో 1.0 ప్లగిన్‌ను అప్‌డేట్ ప్రోగ్రాం పాతదనుకుని పక్కన పడేస్తుంది.

కాబట్టి మేం కోరేది ఇది. ఎక్స్‌టెన్షన్ల నాలుగు గడుల పట్టిక తీసేయండి. దాని జాగాలో వెబ్‌సైటును నడిపే పీహెచ్‌పీ పూర్తి వెర్షన్‌ను తోకతో సహా అడగండి. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఉబుంటుదా, డెబియన్‌దా, క్జాంప్‌దా, సొంతంగా కంపైల్ చేసిందా, అప్‌డేట్లు ఏ తేదీ వరకు వస్తాయి అని అడగండి. ఇక్కడ రెండు తేదీలుంటాయి. 8.1కు భాష తయారుచేసేవారి సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 డిసెంబర్ 31 వరకే, ఉబుంటు 22.04 మామూలు మద్దతు 2027 దాకా. ప్యాకేజీ ఉబుంటుదైతే రెండో తేదీ చెల్లుతుంది, సొంతంగా కంపైల్ చేసిందైతే మొదటిదే. ఎక్స్‌టెన్షన్ల విషయంలో పేర్ల జాబితా చాలు, వెర్షన్ వద్దు. వాడని ఎక్స్‌టెన్షన్ ఎందుకుందని అడిగితే ఇంకా మంచిది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌కర్ల్, లిబ్‌ఎక్స్‌ఎంఎల్, ఐసీయూ, ఈ నాలుగు లైబ్రరీల నడుస్తున్న వెర్షన్లు అడగండి. భాషతో రాకుండా బయటి నుంచి తెచ్చిన ఎక్స్‌టెన్షన్లకు మాత్రం వేరే పట్టిక పెట్టి, అందులో సొంత వెర్షన్, ఏ మాడ్యూల్ ఏపీఐకి కంపైల్ చేశారు, చివరిసారి ఎప్పుడు మార్చారు అని రాయించండి. మామూలు సర్వర్‌లో ఆ పట్టిక మూడు నాలుగు వరుసలు దాటదు.

కొత్త పట్టిక నమూనా కావాలంటే పై పేరాను అలాగే టైపు చేయించుకోండి. పాత ఫారాల్లో ఇప్పటికే పంపినవాటిలో డామ్ పక్కన 20031129 అని ఉంటే దాన్ని తప్పుగా రాశామనుకుని కొట్టివేయొద్దు, అది అంతే.

ఇట్లు,
నల్గొండ, పాలమూరు జిల్లాల్లో పీహెచ్‌పీ సర్వర్ల బాగోగులు చూసే కొందరం